ముప్పై ఒకటో పేజీ

ఇక్కడ కథ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది.
అందుకే ఇసొగై నాకంటే ఒక బొమ్మ ముందే ఉన్నట్టుండేవాడు,
కుడివైపు, కిటికీ పక్కన,
కిరోసిన్ పొయ్యి మీద కెటిల్ మూత టకటకలాడే చోట.

నెరిమాలో, లాండ్రీ కొట్టు పైన, రెండో అంతస్తు.
మనుషుల్ని ఉదగావా సెన్సే గీస్తుంది.
మిగతాదంతా నాది:
కరెంటు తీగలు, రేవు మెట్లు, మెట్ల మీద నీడ,
స్కేలు పెట్టి వాన.
ఇసొగై పెన్సిల్ గీతలు చెరుపుతాడు,
చుక్కల కాగితం కోసి అంటిస్తాడు.
సాయంత్రానికి ఒక రకం,
బుగ్గల మీద సిగ్గుకి అరవై ఒకటో నంబరు.
కోసిన ముక్కలు నా మోచేతికి అంటుకుని ఇంటిదాకా వచ్చేవి.
స్నానం చేస్తుంటే
ఎవరిదో సాయంత్రం నీళ్లలోకి రాలేది.

కథలో ఇద్దరు మగవాళ్లు.
ఒకడు పడవ నడుపుతాడు.
ఇంకొకడు బడిలో పియానో శ్రుతి చేయడానికి
నెలకోసారి దీవికి వస్తాడు.
మూడేళ్లుగా ఒకరినొకరు ఇంటిపేరుతోనే పిలుచుకుంటున్నారు.
చదివే అమ్మాయిలు ఉత్తరాలు రాస్తారు:
ఇంకెన్నాళ్లు సెన్సే,
ఒక్కసారి పేరు పెట్టి పిలిపించండి.

నేనూ ఇసొగైని ఇసొగై అనే అంటాను.
నాలుగేళ్లు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, తెల్లారితే ఎడిటర్ వస్తాడనగా,
చేతులు కుదరడం లేదంది సెన్సే.
"మీరిద్దరూ ఇలా నిలబడండి. నుకుయి, అతని మణికట్టు పట్టుకో.
దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంటావేం?"
ఇరవై నిమిషాలు.
బొటనవేలి మొదట్లో బ్లేడు గాటు. చల్లటి చెయ్యి.
నాడి కొట్టుకుంటోంది, నాదో అతనిదో.
ఇసొగై క్యాలెండరు వైపు చూస్తూ అన్నాడు:
"మార్చిలో వెళ్లిపోతున్నా. తొత్తొరిలో
బేరిపళ్ల అట్టపెట్టెల మీద బొమ్మలేసే ఉద్యోగం."
"కదలొద్దు" అంది సెన్సే.
ఎవరితో అందో.

మా భాషలో నిశ్శబ్దానికీ ఒక చప్పుడుంది.
ఖాళీ గది బొమ్మ మీద పెద్ద అక్షరాలతో
'షీన్' అని రాస్తాం.
కెటిల్ మూత కూడా ఆగిపోయింది, నీళ్లయిపోయి.

ముప్పై ఒకటో పేజీ. రేవు. పడవవాడు నోరు తెరిచాడు.
మాటల బుడగ మాత్రం ఖాళీ.
"వీడేమంటాడో నాకు తెలీడం లేదు, గంట ఆగి లేపండి" అని
సెన్సే కోటు కప్పుకుని బల్ల కింద పడుకుంది.
వాన గీయడం అయ్యాక
నేను పెన్సిల్ తీసి, దొంగలా, ఆ బుడగలో రాశాను:

వాన తగ్గాక వెళ్దువుగానీ, నవోమిచి.

శ్రుతి చేసేవాడి పేరు కాదది. వాడికింకా పేరే లేదు.

ఇసొగై రబ్బరు తీసుకున్నాడు.
సముద్రం కింది గీతలు చెరిపాడు,
రేవు కింద, నా చేతుల కింద, తన చేతుల కింద.
బుడగ దగ్గరికొచ్చి ఆగాడు.
ఉఫ్‌మని ఊది, పొట్టు దులిపి,
పేజీ పక్కన పెట్టాడు.
నాకేసి చూడలేదు.
చెవులు మాత్రం అరవై ఒకటో నంబరు.

సెన్సే లేచి చదివింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది.
"టీ పెట్టండి ఎవరైనా."
అంతే. అలాగే అచ్చయింది.
పేరెంత బాగుందో అని హొక్కైదో నుంచి కూడా రాశారు.

అతను వెళ్లిన రోజు చినుకైనా లేదు.
స్టేషన్ మెట్ల మీద చిటచిటలాడే ఎండ.
ఏం అనాలో బుడగలో ఎవరూ రాసిపెట్టలేదు.

"ఈ నెలా వానేనా?" అంది సెన్సే ఏప్రిల్లో.
"తగ్గలేదు సెన్సే" అన్నాను.
మే నెలలోనూ అడిగింది. తర్వాత అడగడం మానేసింది.

సెప్టెంబరులో ఒక బేరిపళ్ల పెట్టె వచ్చింది,
ఉత్తరం లేకుండా.
అట్ట మీద కొండ, చెట్టు, పసుపుపచ్చగా రెండు పళ్లు,
వాటి మీద, పళ్లమ్ముకునేవాడెవడూ అడగని వాన,
సన్నగా, వంకరగా.

స్కేలు పెట్టినా సరే,
అతనికి వాన ఎప్పుడూ సరిగా రాదు.